కాక చూడని ఇస్తాంబుల్

పోయిన నెల మా యాదగిరి కాక చనిపోయాడు. కాక అంటే మా నాయినకు ఒక్కగానొక్క తమ్ముడు. పదకొండో రోజు కార్యం ముగిసిన మర్నాడు మా తమ్ముడు శ్రీనివాస్ ఫోన్ చేసి, కాక గదిలో పాత పుస్తకాలు మస్తుగా ఉన్నాయనీ, రద్దీ కాయితాలు కొనే అతను బండితో కింద నిలబడ్డాడనీ, నాకేమైనా కావాలా, ఇచ్చేయాలా అనీ అడిగాడు. ఇచ్చేయమన్నాను. అన్నీనా అక్కా అన్నాడు. అన్నీ అన్నాను. అమీర్‌పేటలో ప్రపంచంలోని నగరాలను అంత ప్రేమగా దాచుకున్న గది మరొకటి ఉండదు. అది ఖాళీ కావడానికి అరగంట పట్టింది. పంజాగుట్టలో మా ఇంట్లో కూర్చుని ఆ అరగంటా నేను బియ్యం ఏరాను.

ముప్పై ఏళ్ళుగా కథలు రాస్తున్నాను. కాక గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఆయన బతికుండగా ఎవరైనా చదివి వినిపిస్తారేమోనని భయం. ఇప్పుడు ఆ భయం లేదు. రాయడానికి ఇంతకంటే మంచి కారణం ఉంటే బాగుండేది.

అప్పట్లో మా ఇల్లు అమీర్‌పేట లోపలి సందులో ఉండేది. మూడు గదుల పెంకుటిల్లు, ముందు అరుగు, వాకిట్లో ఒక నల్లా. తెల్లవారకముందే నల్లా గాలి వదులుతూ బుసకొట్టేది, ఆ చప్పుడుకే అమ్మ లేచేది. బిందెలు, బకెట్లు, చివరికి చెంబులు కూడా నిండాకే ఇంట్లో టీ పెట్టేవాళ్ళు. కిరసనాయిలు స్టవ్వు వాసన, పెనం మీద కాలే జొన్నరొట్టె వాసన, గడప మీద కూర్చున్న నాయనమ్మ చుట్ట వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇంట్లో పొద్దు పొడిచినట్టు. నాయిన ఎర్రమంజిల్‌లో ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. కాక సనత్‌నగర్‌లో నూనె మిల్లులకు యంత్రాలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో ఇనుము చెక్కే లేత్ మీద పనిచేసేవాడు. సాయంత్రం ఆయన సైకిల్ సందు మలుపు తిరగగానే ఇనుప రజను, మెషీన్ ఆయిలు కలిసిన వాసన ముందొచ్చేది. బట్టల సబ్బుతో మోచేతుల దాకా తోముకున్నా గోళ్ళ కింది నలుపు పోయేది కాదు. ఆయన చొక్కా జేబు దులిపితే ఉంగరాల్లా చుట్టలు తిరిగిన ఇనుప పెచ్చులు రాలేవి. అవి నావి. అగ్గిపెట్టెలో దాచుకునేదాన్ని, వారానికల్లా తుప్పు పట్టేవి.

నాయనమ్మకు ఒక అలవాటు ఉండేది. ఇంట్లోంచి ఎవరు బయటికి కదిలినా, మూల దుకాణానికి ఉప్పు కోసం వెళ్ళినా సరే, ఎప్పుడొస్తవని అడిగేది. జవాబు చెప్పకుండా వెళ్తే వాళ్ళు తిరిగొచ్చేదాకా ముద్ద ముట్టేది కాదు. మేము నవ్వుకునేవాళ్ళం. అమ్మ మాత్రం నవ్వేది కాదు. ఎందుకు నవ్వదో నేను అడగలేదు.

ఆదివారం పొద్దున కాక నన్ను వెంటబెట్టుకుని ఆబిడ్స్ వెళ్ళేవాడు. ఆ రోజు అక్కడ దుకాణాలు మూసి ఉంటాయి, షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. కాక కథల పుస్తకాల వైపు చూసేవాడు కాదు. పాత విదేశీ పత్రికలు, యాత్రికుల కోసం అచ్చేసిన చిన్న గైడు పుస్తకాలు, అట్టలూడిన చరిత్ర పుస్తకాలు, మడతల దగ్గర చిరిగిన నగరాల పటాలు వెతికేవాడు. ఆయన చదివింది మెట్రిక్ వరకే. పక్కన డిక్షనరీ పెట్టుకుని, తెలియని మాట వచ్చినప్పుడల్లా అర్థాన్ని అంచులో పెన్సిలుతో తెలుగులో రాసుకుంటూ చదివేవాడు. ఒక్కో నగరానికి ఒక్కో నెల పట్టేది. బొమ్మ చూస్తే ఊరిని చూసినట్టు కాదనీ, ఆ ఊరు ఎట్లా బతికిందో, ఎన్నిసార్లు చచ్చి లేచిందో తెలియాలనీ అనేవాడు.

సాయంత్రం అమ్మ మటన్ కూర దించే వేళకు సందులో పిల్లలమంతా మా అరుగు మీద చేరేవాళ్ళం. వెనక వాటాలో ఉండే ఖలీల్ భాయ్ కూడా చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఆయన కాకతోపాటు అదే ఫ్యాక్టరీలో ఫిట్టరు. కాక ఏదో ఒక ఊరి గురించి ఆ వారం చదివింది మాకు చెప్పేవాడు. వెనిస్ కింద గట్టి నేల లేదనీ, బురదలో లెక్కలేనన్ని దుంగలు దిగ్గొట్టి వాటి మీద మేడలు కట్టారనీ, గాలి తగలని చోట కట్టె అంత తొందరగా కుళ్ళదనీ చెప్పేవాడు. లిస్బన్‌లో ఒక పండుగ పొద్దున జనమంతా దీపాలు వెలిగించి ప్రార్థనలో ఉండగా భూమి కదిలిందట. బతికినవాళ్ళు ఖాళీ జాగా కదా అని నది ఒడ్డుకు పరుగెత్తితే నీళ్ళు వెనక్కి పోయి, అడుగున మునిగిపోయిన పాత ఓడలు బయటపడ్డాయట. ఆ వింత చూస్తూ నిలబడిన వాళ్ళ మీదికే నీళ్ళు గోడలా తిరిగొచ్చాయట. మేము అన్నం తినడం మరిచిపోయి వినేవాళ్ళం. నాయనమ్మ ఒక్కతే మధ్యలో అడ్డుపడి, ఆ ఊళ్ళో వాళ్ళు ఏం తింటారు, బియ్యం దొరుకుతాయా అని అడిగేది. కాక విసుక్కోకుండా అక్కడివాళ్ళు చేప, రొట్టె తింటారని చెప్పేవాడు.

అన్ని ఊళ్ళ కంటే ఆయనకు ఇస్తాంబుల్ మీద మనసు. ఎందుకని అడిగితే సరిగా చెప్పలేకపోయేవాడు. ఒకే ఊరు, మూడు పేర్లు, రెండు ఖండాలు, మధ్యలో సముద్రం, ఇంకేం కావాలని అనేవాడు. చర్చిగా కట్టిన గుమ్మటం మసీదైన కథ, ఊరి కింద చీకట్లో నీళ్ళ మధ్య నిలబడిన వందల స్తంభాల కథ మాకు కంఠతా వచ్చు. ఓడల కథ మాత్రం ఎన్నిసార్లు విన్నా చాలేది కాదు. శత్రువు లోపలికి రాకుండా ఊరివాళ్ళు నీటిపాయ మూతికి ఇనుప గొలుసు కట్టారు. పడుచు సుల్తాను ఏం చేశాడో మాకు అర్థం కావడానికి కాక చేత్తో అటూ ఇటూ చూపిస్తూ చెప్పేవాడు. "హుస్సేన్‌సాగర్ల ఓడలున్నయనుకోరి. ముంగట గొలుసు అడ్డమున్నది. గప్పుడు దుంగలకు కొవ్వు రాసి, ఎడ్లతోని మనుషులతోని గుంజి, ఆ ఓడలను ఎర్రమంజిల్ గుట్ట ఎక్కిచ్చిన్రు. గివతల పంజాగుట్ట దిక్కు దించిన్రు. ఊరోళ్లు లేసి సూస్తే ఓడలు ఇంటి ముంగట ఉన్నయి." మర్నాడు బడికి వెళ్తూ ఎర్రమంజిల్ గుట్ట వైపు చూస్తే నాకు నిజంగానే తెరచాపలు కనిపించేవి.

కాకకు రేచీకటి ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. పొద్దుగూకితే గోడ తడుముకుంటూ నడిచేవాడు, దారిలో బకెట్లు పెట్టినందుకు అమ్మ మమ్మల్ని తిట్టేది. దానికి మించి ఏదో ఉందని తెలిసింది నాకూ ఖలీల్ భాయ్‌కీ మాత్రమే. ఆబిడ్స్‌లో రోడ్డు దాటేటప్పుడు కాక నా చెయ్యి గట్టిగా పట్టుకునేవాడు. నేను చిన్నదాన్నని పట్టుకుంటున్నాడనుకునేదాన్ని. ఒక ఆదివారం పక్క నుంచి వచ్చిన తోపుడుబండిని చూసుకోక దాని మీద పడ్డాడు. లేచి దుమ్ము దులుపుకుని, చేతిలో ఉన్న పత్రికను గొట్టంలా చుట్టి నా కంటికి పెట్టాడు. గొట్టంలోంచి ఎదురుగా ఉన్న గడియారం తప్ప నాకేమీ కనిపించలేదు. "నాకు గిట్ల కనవడ్తది బిడ్డా. ఏడాదికింత గీ గొట్టం సన్నగైతదని డాక్టర్ చెప్పిండు. మూసుకపోకముందు ఒక్క ఊరన్న సూడాలె. ఇంట్ల చెప్పకు" అన్నాడు. నాకు అప్పుడు పన్నెండేళ్ళు. ఎవరికీ చెప్పలేదు. ఫ్యాక్టరీలో తెలిస్తే లేత్ మీంచి తీసేస్తారని, కొలతలు చూసే పని ఖలీల్ భాయ్ ఎవరికీ తెలియకుండా తాను చేసిపెట్టేవాడు.

ఆ ఏడు వానలు తగ్గే వేళకు జరిగిన సంగతిని మొదట మేమెవరం నమ్మలేదు. ఫ్యాక్టరీకి ఇస్తాంబుల్ నుంచి నూనె యంత్రాల ఆర్డరు వచ్చింది. యంత్రాలతోపాటు ఇద్దరు పనివాళ్ళు వెళ్ళి, అక్కడ బిగించి, నడిపించి చూపించి రావాలి. రెండు నెలల పని. ఫ్యాక్టరీ సేటు ఖలీల్ భాయ్‌నూ, నాలుగు ఇంగ్లీషు ముక్కలు చదవగలడని కాకనూ ఎంచాడు. ఆ సాయంత్రం కాక ఇంటికొచ్చి చాలాసేపు నల్లా దగ్గర చేతులు కడుక్కున్నాడు. తర్వాత ఇస్తాంబుల్ పటం తీసి అరుగు మీద పరిచాడు. వారం లోపల పాస్‌పోర్టు కాయితాలు పెట్టాడు. ఇంట్లో అంత సంతోషం నేను మళ్ళీ చూడలేదు. ఒక్క నాయనమ్మ మాత్రం ఎప్పుడొస్తవని రోజూ అడిగేది. రెండు నెలలమ్మా అని కాక రోజూ చెప్పేవాడు.

నా సంగతి కూడా రాయాలి. నాకు సంతోషం లేదు. విదేశాలకు వెళ్ళినవాళ్ళు అక్కడే ఉండిపోతారని బడిలో ఎవరో అన్నారు. కాక రాకపోతే ఆదివారాలు ఏమవుతాయన్నదే నా బాధ. అది చిన్నపిల్ల బాధ. కానీ ఆ గొట్టం సంగతి తెలిసిన చిన్నపిల్ల బాధ.

ఒక మధ్యాహ్నం బడి సగం పూటే అయి నేను ఇంట్లో ఉన్నాను. అమ్మ రేషను దుకాణానికి వెళ్ళింది, తమ్ముడు నిద్రపోతున్నాడు. ఒక పోలీసు కానిస్టేబుల్ సైకిల్ నడిపించుకుంటూ సందులోకి వచ్చి మా గడప ముందు ఆగాడు. ఎండకు అలసిపోయి ఉన్నాడు. మంచినీళ్ళు అడిగితే నేనే చెంబుతో ఇచ్చాను. తాగి, మూతి తుడుచుకుని, సంచిలోంచి కాయితం తీసి కాక పేరు చదివి, ఈ ఇంట్లోనే ఉంటాడా అని నాయనమ్మను అడిగాడు. నాయనమ్మ చుట్ట ఆర్పి పక్కన పెట్టింది. "గా పేరోళ్లు గీడ ఎవ్వలు లేరు సారూ" అంది. అతను మళ్ళీ కాయితం చూసుకుని, ఇంటి నంబరు ఇదేనే అని గొణిగి, నా వైపు తిరిగాడు. అవ్వ చెప్పేది నిజమేనా పాపా అని అడిగాడు. అతను చెడ్డవాడు కాదు. నిజం చెప్పడానికి నాకు కావలసినంత సమయం ఇచ్చాడు. నేను నిజమేనన్నాను. అతను కాయితం మీద ఏదో రాసుకుని, సైకిల్ తిప్పుకుని వెళ్ళిపోయాడు. నాయనమ్మ చెంబు కడిగి బోర్లించి, ఎవరూ రాలేదు, ఎవరూ అడగలేదు, విన్నవా అంది. తల ఊపాను.

నాయనమ్మ అట్లా ఎందుకు చెప్పిందో అమ్మ నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. మా సొంతూళ్ళో, సాయుధ పోరాటం వాళ్ళను పట్టుకోవడానికి పోలీసు క్యాంపు పెట్టిన రోజుల్లో, ఒక పొద్దున జవాన్లు వచ్చి తాత పేరు చెప్పి, ఇంట్లో ఉన్నాడా అని అడిగారట. నాయనమ్మకు అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా లేవు, చంకలో మా నాయిన. ఉన్నడు, దొడ్లె ఉన్నడు అని చెప్పిందట. వాళ్ళు పట్టుకుపోయిన తాత ఏడు నెలల తర్వాత తిరిగొచ్చాడు గానీ, ఆ దెబ్బలకు మళ్ళీ నాగలి పట్టలేకపోయాడు. పోలీసు మనిషి కొడుకు పేరు పలికితే ఆమె ఇంకేం చెబుతుంది? పాస్‌పోర్టుకు పోలీసులు ఇంటికొస్తారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకు కాక చెప్పాడు. ఎవరైనా వస్తే ఫ్యాక్టరీ నంబరు ఇవ్వమని కూడా చెప్పాడు.

నెల తిరిగాక ఉత్తరం వచ్చింది. దరఖాస్తుదారు ఆ చిరునామాలో నివసించడం లేదని విచారణలో తేలిందని ఇంగ్లీషులో ఉంది. కాక డిక్షనరీ అక్కర్లేని ఆ రెండు వాక్యాలను నాలుగుసార్లు చదివాడు. నాయనమ్మ గడప మీదే ఉంది. నేను తమ్ముడికి అక్షరాలు దిద్దిస్తున్నాను. వాడెవడో ఇంటికి రాకుండానే ఎక్కడో కూర్చుని రాసి ఉంటాడని నాయిన అన్నాడు. కాక కూడా అదే నమ్మాడు. డ్యూటీ ఎక్కేముందు రోజూ పాస్‌పోర్టు ఆఫీసు లైన్లో నిలబడ్డాడు. మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమన్నారు, మళ్ళీ విచారణ జరగాలన్నారు. యంత్రాలు ఓడ ఎక్కాయి. సేటు ఇంక ఆగలేక ఖలీల్ భాయ్‌కి తోడుగా వేరే మనిషిని పంపాడు. వెళ్ళేముందు ఖలీల్ భాయ్ మా అరుగు మీద కూర్చుని, నీవు లేకుండా నాకు అక్కడేం పని అని కంటతడి పెట్టుకున్నాడు. కాకే ఆయనను ఓదార్చాడు. పటం మడిచి ఆయన సంచిలో పెట్టాడు.

ఖలీల్ భాయ్ చలికాలం పోయాక వచ్చాడు. మేమంతా చుట్టూ చేరాం. ఆయన చూసింది ఊరి బయట ఒక పెద్ద షెడ్డు, దాని పక్కన ఒక గది, మంచు. రెండు శుక్రవారాలు జుమ్మాకు మాత్రం ఊళ్ళోకి తీసుకెళ్ళారట, నమాజు చేసుకుని వచ్చేశారట. గుమ్మటం చూశావా, వంతెన చూశావా అని కాక అడుగుతూ పోయాడు. చూసిన్నేమో భాయ్, అన్నీ పెద్దపెద్దగ ఉండె, పేర్లు యాదికి లేవు అని ఆయన సిగ్గుపడుతూ చెప్పాడు. కాక ఇంక అడగలేదు. నాలుగేళ్ళలో గొట్టం మూసుకుపోయింది. లేత్ నుంచి ప్యాకింగుకు, ప్యాకింగు నుంచి ఇంటికి వచ్చాడు. నిశ్చయమైన పెళ్ళి ఒకటి కళ్ళ సంగతి తెలిసి ఆగిపోయింది, మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

అప్పటి నుంచి కాకకు నేను చదివిపెట్టేదాన్ని. చదువు, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, ఏది వచ్చినా ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆయనదే. నలభై ఏళ్ళు. పాత ఇల్లు పోయి ఐదంతస్తుల బిల్డింగు వచ్చింది, కాకకు తమ్ముడి ఫ్లాటులో వెనక గది వచ్చింది. కింద కోచింగు సెంటరు, ఎదురుగా మెట్రో స్తంభాలు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళ నుంచి వచ్చే పిల్లలతో సందు నిండిపోయేది. మెట్రో పోయే చప్పుడుకు నేను చదవడం ఆపితే, అది పోయేదాకా కాక ఆ వాక్యాన్ని పట్టుకున్నట్టు వేలు గాలిలో ఆపి కూర్చునేవాడు. ఈ బిడ్డ లేకపోతే నేను ఎప్పుడో మట్టిగొట్టుకపోతుంటినని మా అమ్మతో అన్నాడట. బంధువులంతా నన్ను మెచ్చుకునేవాళ్ళు. ఆ మెప్పు విన్నప్పుడల్లా నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

రెండేళ్ళ కింద నాతో బడిలో పనిచేసిన టీచర్లు కొందరు టర్కీ టూరు వెళ్తుంటే నేనూ చేరాను. కాకే పట్టుబట్టి పంపాడు. నిజం చెప్పాలంటే నేను ఇస్తాంబుల్‌ను చూడలేదు. బస్సు చూశాను, గైడు చేతిలో జెండా చూశాను, తివాచీల దుకాణంలో రెండు గంటలు కూర్చున్నాను. గుమ్మటం ముందు లైన్లో నిలబడి, లోపలికి వెళ్ళి, అందరితోపాటు ఫోను పైకెత్తి ఫోటోలు తీశాను. చిన్నప్పుడు ఎర్రమంజిల్ గుట్ట మీద నాకు కనిపించిన ఊరు అక్కడ కనిపించలేదు. ఒక సాయంత్రం వంతెన మీద అరగంట వదిలారు. జనం కడ్డీలకు ఆనుకుని గాలాలు వేసి చేపలు పడుతున్నారు. తమ్ముడికి ఫోన్ చేసి కాక చెవి దగ్గర పెట్టమన్నాను. అప్పుడే నమాజుకు పిలిచే అజాన్ మొదలైంది, ఒక మసీదు తర్వాత ఒక మసీదు నుంచి, పడవల కూతలు, పక్షుల అరుపులు. ఏదో చెప్పబోయాను. ఆగు బిడ్డా, మాట్లాడకు అన్నాడు. అజాన్ అయ్యేదాకా అట్లాగే విన్నాడు. ఆయన ఊపిరి నాకు వినిపిస్తూనే ఉంది. గైడు పిలిస్తే పెట్టేశాను.

తిరిగొచ్చిన ఆదివారం వెళ్ళేసరికి కాక కొత్త బట్టలు వేసుకుని కూర్చున్నాడు. గడ్డం గీయించుకున్నాడు. ఖలీల్ భాయ్ పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది, అడగడానికి ఆయనకు నేను తప్ప ఎవరూ లేరు. వంతెన మీద నిలబడి పాత ఊరి వైపు చూస్తే ఆ గుమ్మటం ఎటువైపు ఉందని అడిగాడు. కుడివైపన్నాను. ఆయన నెమ్మదిగా తల అడ్డంగా ఊపాడు. అది ఎడమకు ఉంటుందనీ, కుడివైపు గుట్ట మీద కనిపించేది సులేమాన్ సుల్తాను కట్టించిన మసీదనీ, నేను బహుశా అవతలి ఒడ్డున ఉన్న గలాటా పేట వైపు తిరిగి నిలబడి ఉంటాననీ చెప్పాడు. ఒక్కసారి కూడా ఆ ఊరి నేల మీద అడుగు పెట్టని మనిషి నాకు దారి సరిచేశాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఏం ఫికర్ లేదు బిడ్డా. నువ్వు సూసినవు గదా, నేను సూసినట్టే" అన్నాడు.

ఆ మాట నేను మోయలేకపోయాను. అట్లా అనకపోతే చెప్పేదాన్ని కాదేమో. కానిస్టేబుల్ వచ్చిన మధ్యాహ్నం సంగతి మొదటి నుంచి చెప్పేశాను. చెంబు, కాయితం, నాయనమ్మ మాట, నా మాట. కాక నా చెయ్యి వదల్లేదు. మొదట ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు. తర్వాత అన్నాడు. "పోలీసోడు వచ్చిన సంగతి నాకెరుక. అమ్మ సచ్చేముందు చెప్పింది. నేనే నువ్వు లేవని చెప్పిన కొడుకా, నన్ను క్షమించు అన్నది. ఇంట్ల ఎవ్వలు లేకుండిరి, నేనొక్కదాన్నే ఉంటినన్నది."

నాయనమ్మ ఆఖరి ఊపిరిలో కూడా నన్ను దాచిపెట్టింది. ఆమె దాచినదాన్ని నేను తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"నువ్వు ఉంటివా" అన్నాడు కాక. అడిగినట్టు లేదు. మళ్ళీ తనే, "నా కండ్ల సంగతి గప్పటికే నీకెరుక గదా" అన్నాడు.

ఎరుకే కాకా అన్నాను.

అప్పుడు చెయ్యి తీసుకున్నాడు. కోపంగా కాదు, దుప్పటి సర్దుకోవడానికి తీసుకున్నట్టు. తమ్ముడి భార్య చాయ్ తెచ్చింది, ఇద్దరం తాగాం. చెప్పేస్తే మనసు తేలికవుతుందని చాలామంది రాస్తారు, నేను కూడా కథల్లో రాశాను. తేలికయింది నా మనసే. ఆయన అమ్మను క్షమించి ముప్పై ఏళ్ళుగా మిగుల్చుకున్న నిమ్మళం ఆ మధ్యాహ్నంతో పోయింది. ఆమె చదువు లేని మనిషి, భయపడ్డది అని సరిపెట్టుకున్నాడు. నాకు ఆ సాకు లేదు.

తర్వాత కూడా ప్రతి ఆదివారం వెళ్ళాను. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. నా ఆరోగ్యం అడిగేవాడు, పిల్లల ఉద్యోగాలు అడిగేవాడు, వాటర్ ట్యాంకర్ వచ్చిందా అని అడిగేవాడు. పుస్తకం తీస్తే మాత్రం, ఇయ్యాల వద్దులే బిడ్డా, తల నొస్తుంది అనేవాడు. వారం వారం అదే మాట. అప్పట్లో మా అరుగు మీద నలభై క్యాండిల్ బల్బు కింద తొమ్మిది నగరాలు ఉండేవి, ఒక్కటీ మాది కాదు, అన్నీ మావే. ఇప్పుడు నా ఫోనులో వందల ఫోటోలున్నాయి, వాటిలో ఏది ఎటువైపుందో చెప్పేవాళ్ళు లేరు. ఆ సందులోని హాస్టలు పిల్లలు రోజూ ఏదో ఒక దేశానికి బయల్దేరుతూనే ఉంటారు. ఒక్క ఊరు చూసి వస్తానన్న మనిషి మాత్రం ఆ సందు దాటలేకపోయాడు.

చివరి ఆదివారం నేనే అడిగాను. నేను చదవనులే, నువ్వే ఏదన్నా ఒక ఊరి కథ చెప్పు కాకా అన్నాను. నాకేం యాదికి లేవు బిడ్డా, అన్ని పోయినయి అన్నాడు. చౌరస్తాలో ట్రాఫిక్ అవుతుంది, జల్దీ బయల్దేరమన్నాడు. నేను లేచి బయట గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే లోపల ఆయన గొంతు వినిపించింది. తనలో తాను, చాలా మెల్లగా, వంతెన దాటితే మెట్లు, మెట్లెక్కితే ఎడమకు సన్నటి గల్లీ, గల్లీ చివర నీళ్ళ పంపు అని ఎక్కడో నడుచుకుంటూ వెళ్తున్నాడు. నేను ఒక్క అడుగు వెనక్కి వేశాను. చెప్పు చప్పుడు విని ఆపేశాడు. నేను మెట్లు దిగేదాకా మళ్ళీ మొదలుపెట్టలేదు.